అర్ధరాత్రి పసిపిల్లల దగ్గు

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



పిల్లల జబ్బుల గురించి మాట్లాడుకునేటప్పుడు మనం జ్వరం, విరోచనాలు, ఆటలమ్మ లాంటి వాటి గురించి చాలా చెప్పుకుంటాం. కాని తల్లిని నిద్రలోంచి ఒక్క ఉదుటున లేపి గాభరా పెట్టే జబ్బు ఒకటుంది. దాని పేరు చాలామంది తల్లులకు తెలియదు. ఆ జబ్బు గురించి ఈవేళ నాలుగు మాటలు చెబుతాను.

మన హైదరాబాదులో మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, ఈ ప్రాంతాలన్నీ ఒకప్పుడు రాళ్ళగుట్టలు, చెరువులు, చిన్న ఊళ్ళు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత ఎక్కడెక్కడి జిల్లాలనుంచో యువ దంపతులు ఉద్యోగాలకు వచ్చి ఇక్కడ కాపురాలు పెట్టారు. ఇల్లు పద్నాలుగో అంతస్తులోనో, ఇరవయ్యో అంతస్తులోనో ఉంటుంది. అమ్మానాన్నలూ అత్తమామలూ ఊళ్ళో ఉంటారు. భర్తకు అమెరికా పగలు మన రాత్రి కాబట్టి ఆయన ఆఫీసులోనైనా ఉంటాడు, లేదా పక్క గదిలో తలుపు వేసుకుని ఫోన్లో మాట్లాడుతూనైనా ఉంటాడు. అంచేత అర్ధరాత్రి పిల్లవాడికి ఏమైనా వస్తే మొదట తేల్చుకోవలసింది తల్లి ఒక్కతే. పక్కన అనుభవం ఉన్న పెద్దదిక్కు ఉండదు. అటువంటి తల్లుల కోసమే ముఖ్యంగా ఈ ప్రసంగం.

ఈ జబ్బు ఇలా మొదలవుతుంది. ఏడాదిన్నర పిల్లవాడనుకోండి. ఒకటి రెండు రోజులుగా కాస్త ముక్కు కారుతోంది, ఒళ్ళు కొంచెం వెచ్చబడింది. అయినా ఆడుకుంటూనే ఉన్నాడు. రాత్రి పాలు తాగి మామూలుగా పడుకున్నాడు. ఒంటిగంటకో, రెండింటికో ఉలిక్కిపడి లేచి దగ్గుతాడు. ఆ దగ్గు మనం ఎప్పుడూ విన్న దగ్గులా ఉండదు. కుక్కపిల్ల మొరిగినట్లు ఖంగు ఖంగుమంటుంది. ఏడిస్తే గొంతు బొంగురుగా వస్తుంది. గాలి లోపలికి పీల్చుకున్నప్పుడు కీచుమని ఒక శబ్దం. పిల్లవాడు బెదిరిపోతాడు, తల్లి అంతకంటే బెదిరిపోతుంది.

దీన్ని డాక్టర్లు క్రూప్ అంటారు. అది స్కాట్లాండులో పల్లె జనం వాడిన మాట. 1765లో ఎడింబరోలో ఫ్రాన్సిస్ హోమ్ అనే వైద్యుడు ఈ జబ్బు మీద పుస్తకం రాసి ఆ పేరును వైద్యశాస్త్రంలోకి తెచ్చాడు. ఆ రోజుల్లో కంఠసర్పి వల్ల వచ్చే శ్వాస ఇబ్బందిని కూడా ఈ పేరుతోనే పిలిచేవారు. ఇప్పుడు మాత్రం క్రూప్ అంటే వైరస్ వల్ల గొంతులో, స్వరపేటిక కింద వచ్చే వాపు అనే అర్థం. ఎక్కువసార్లు పారాఇన్‌ఫ్లుయెంజా అనే వైరస్ వల్ల వస్తుంది. మామూలు ఫ్లూ, మరికొన్ని జలుబు వైరస్‌లు, కోవిడ్ కూడా దీన్ని తేగలవు. ఆరు నెలలనుంచి మూడేళ్ళ లోపు పిల్లల్లో ఎక్కువ. ఆరేళ్ళు దాటాక అరుదు. ఆడపిల్లలకంటే మగపిల్లలకు కొంచెం ఎక్కువగా వస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పిల్లవాడికి ఇలా వస్తే ఇంట్లో మొదట వినబడేది తల్లిమీద నింద. “రాత్రిపూట పెరుగన్నం పెట్టావు”, “అరటిపండు ఇచ్చావు”, “తలంటి సరిగ్గా తుడవలేదు”, “ఏసీ వేసి పడుకోబెట్టావు” అంటారు. తల్లి కూడా అది నిజమేననుకుని కుమిలిపోతుంది. పెరుగు వల్లగాని, అరటిపండు వల్లగాని, ఏసీ వల్లగాని క్రూప్ రాదు. ఒకరినుంచి ఒకరికి దగ్గు తుంపరల ద్వారా, చేతుల ద్వారా పాకే వైరస్ వల్ల వస్తుంది. క్రెష్‌లోనో, లిఫ్టులోనో, పుట్టినరోజు పార్టీలోనో, బడికి వెళ్ళే అక్కయ్య దగ్గర్నుంచో అంటుకుంటుంది. కాబట్టి ఆ రాత్రి తప్పెవరిదనే పంచాయితీ పెట్టుకోకండి. పని చాలా ఉంటుంది.

మరి పెద్దవాళ్ళకు జలుబుతో పోయే వైరస్ పసివాడికి అంత ఇబ్బంది ఎందుకు కలిగిస్తుంది? పిల్లల గొంతు చాలా సన్నం. స్వరపేటిక కిందుగా ఉంగరంలాంటి మృదులాస్థి ఒకటుంది. అది చుట్టూ పూర్తిగా మూసుకుని ఉంటుంది కాబట్టి వాపు వస్తే బయటికి సాగే వీలు లేదు, లోపలికే వస్తుంది. పసిపిల్లవాడి శ్వాసమార్గం అక్కడ నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకోండి. చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచినా మిగిలే దారి రెండు మిల్లీమీటర్లే. అంటే వెడల్పు సగమైంది, కాని గాలి పోయే జాగా నాలుగో వంతుకు పడిపోయింది. గాలి లాగడానికి పడే శ్రమ లెక్కప్రకారం పదహారు రెట్లవుతుంది. లావు గొట్టంతో కొబ్బరినీళ్ళు తాగడానికీ, సన్నటి గొట్టంతో చిక్కటి లస్సీ పీల్చడానికీ ఉన్న తేడా మనకు తెలుసు కదా. పెద్దవాళ్ళకు అంతే వాపు వస్తే గొంతు రాసిపోవడంతో సరిపోతుంది.

ఈ సంగతి తెలిస్తే మీరు మొదట చేయవలసిన పని దానంతటదే తెలుస్తుంది. పిల్లవాడు ఏడ్చినకొద్దీ గాలి గబగబా, బలంగా లాగుతాడు. సన్నటి గొట్టాన్ని గట్టిగా పీలిస్తే అది నొక్కుకుపోయినట్లే గొంతు ఇంకా ముడుచుకుంటుంది. అంచేత పిల్లవాడిని ఏడవనివ్వకపోవడమే మొదటి వైద్యం. ఇది ఊరడింపు మాటగా చెప్పడం లేదు, మందుతో సమానంగా చెబుతున్నాను.

ఎత్తుకుని ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకోండి. వెల్లకిలా పడుకోబెట్టకండి. వాడు ఎటు ఒరిగి కూర్చుంటే సుఖంగా ఉందో అలాగే కూర్చోనివ్వండి. గదిలో లైట్లన్నీ వేసి నలుగురూ చుట్టూ చేరి “అయ్యో, అయ్యో” అనవద్దు. మీ గొంతు మామూలుగా ఉండాలి. పాట పాడండి, వీపు నిమరండి, వాడికి ఇష్టమైన బొమ్మ ఇవ్వండి. మామూలు రోజుల్లో ఫోను చూపించవద్దని చెబుతాం కాని, ఆ రాత్రి ఫోనులో బొమ్మలు చూసి వాడు ఏడుపు మానితే నిస్సంకోచంగా చూపించండి. పాలు తాగే బిడ్డ అయితే, ఊపిరికి పెద్ద ఇబ్బంది లేకపోతే, రొమ్ము అందివ్వండి. అమ్మమ్మగాని, నానమ్మగాని ఇంట్లో ఉంటే చాలా అదృష్టం. ఆవిడ ఒళ్ళో పిల్లవాడు నెమ్మదించినంతగా ఇంకెక్కడా నెమ్మదించడు.

గొంతులో ఏముందో చూద్దామని చెంచాతో నాలుక నొక్కకండి. వేలు పెట్టకండి. వాచిన గొంతును కదిలిస్తే ఒక్కోసారి ఉన్న దారి కూడా మూసుకుపోవచ్చు.

వాడు కాస్త నెమ్మదించాక చేయవలసిన రెండో పని వినడం, చూడడం. తల్లులు దగ్గు చప్పుడుకే భయపడతారు. దగ్గు ఎంత భయంకరంగా వినబడినా దానివల్ల ప్రమాదం తక్కువ. మీరు కనిపెట్టవలసింది ఊపిరి. చొక్కా విప్పి, పొట్ట, ఛాతీ కనబడేట్లు కూర్చోబెట్టుకుని ఒక నిమిషంపాటు నిదానంగా చూడండి.

ఏడుపు మానిన తర్వాత, ఊరికే కూర్చున్నప్పుడు ఏ శబ్దమూ లేకుండా గాలి పీలుస్తున్నాడా? అప్పుడప్పుడు మాత్రమే ఆ మొరుగుడు దగ్గు వస్తోందా? మీవైపు చూసి నవ్వుతున్నాడా, నీళ్ళు తాగుతున్నాడా? అయితే ఇది తేలికపాటి క్రూప్. చాలామంది పిల్లల్లో ఇంతే ఉంటుంది. ఆ రాత్రి పక్కనే ఉండి కనిపెట్టుకోవచ్చు. తెల్లారగానే డాక్టరుకు చూపించండి. ఆరు నెలలలోపు పసికందు అయితే మాత్రం తెల్లారేదాకా ఆగవద్దు.

ఊరికే కూర్చున్నప్పుడు కూడా, గాలి పీల్చిన ప్రతిసారీ కీచుమంటోందా? గొంతు కింద గుంట లోపలికి పోతోందా? డొక్కలు ఎగరేస్తున్నాడా? అయితే ఇంట్లో ఉండే వేళ దాటింది. ఆస్పత్రికి బయలుదేరాలి.

ఇక పెదవులు, నాలుక నీలంగా గాని పాలిపోయిగాని కనబడినా, మనిషి మగతగా ఒరిగిపోతున్నా, గాలి అందక కొట్టుకుంటున్నా, చొంగ మింగలేక కార్చుకుంటున్నా ఒక్క నిమిషం కూడా ఆలస్యం పనికిరాదు. ఇక్కడ ఒక హెచ్చరిక. అంతసేపు పెద్దగా కీచుమన్న పిల్లవాడు ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయి వాలిపోతే, “హమ్మయ్య, తగ్గింది, నిద్రపోతున్నాడు” అనుకోకండి. తగ్గిన పిల్లవాడి డొక్కలు ఎగరవు, రంగు మామూలుగా ఉంటుంది, పిలిస్తే పలుకుతాడు. అలసిపోయిన పిల్లవాడికి గాలి లాగే ఓపికే లేక శబ్దం తగ్గుతుంది. ఈ రెండింటి తేడా ప్రతి తల్లికీ తెలిసి ఉండాలి.

ఇప్పుడు మన ఇళ్ళల్లో జరిగే వైద్యాల సంగతి చూద్దాం. పెద్దవాళ్ళు ప్రేమతో చెప్పేవే, కాని ఏది మంచిది, ఏది కాదు అని ఎంచుకోవాలి.

మొదటిది ఆవిరి. క్రూపుకు ఆవిరి పట్టాలని మన దేశంలోనే కాదు, ఇతర దేశాల్లో డాక్టర్లు కూడా చాలాకాలం చెప్పారు. ఆస్పత్రుల్లో ఆవిరి గుడారాలు కూడా కట్టేవారు. 2006లో కెనడాలోని టొరంటో నగరంలో 140 మంది క్రూప్ పిల్లల మీద పరీక్షించి చూస్తే, బాగా తేమ నింపిన గాలి ఇచ్చినా ఇవ్వకపోయినా తేడా కనబడలేదు. ఉపయోగం లేకపోతే పోయింది, ప్రమాదం మాత్రం ఉంది. నిద్రమత్తులో ఉన్న తల్లి, గింజుకుంటున్న పిల్లవాడు, మధ్యలో మరుగుతున్న నీళ్ళ గిన్నె. ఒళ్ళు కాలిన పిల్లలు ఆస్పత్రులకు వస్తూనే ఉంటారు. దుప్పటి కప్పి ఆవిరి పట్టడం పసిపిల్లలకు వద్దే వద్దు.

మరి చల్లగాలి? దీనికి కొంత ఆధారం ఉంది. 2023లో వెలువడిన జెనీవా పరిశోధనలో 118 మంది పిల్లలను చూశారు. అందరికీ మందు ఇచ్చి, సగం మందిని అరగంటసేపు ఆరుబయట చలిగాలిలో కూర్చోబెట్టారు. బయట కూర్చున్నవారిలో దాదాపు సగంమందికి అరగంటలో ఇబ్బంది తగ్గింది. లోపలే ఉన్నవారిలో నాలుగో వంతు మందికే తగ్గింది. గంట గడిచేసరికి మాత్రం ఇద్దరికీ తేడా లేదు, అప్పటికి మందు పనిచేయడం మొదలైంది. అయితే అక్కడి చలి పది డిగ్రీలలోపు. మన హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రులు కూడా మామూలుగా పద్నాలుగు, పదిహేను డిగ్రీల దగ్గర ఉంటాయి, ఎండాకాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి ఒంటికి శాలువా చుట్టి కిటికీ దగ్గర కాసేపు కూర్చోవడంలో తప్పులేదు, అదే వైద్యమనుకుని ఆస్పత్రికి వెళ్ళడం ఆపకండి. బాల్కనీలోకి వెళితే మాత్రం కుర్చీలో కూర్చోండి. గింజుకునే పిల్లవాడిని ఎత్తుకుని ఎత్తయిన అంతస్తులో రెయిలింగు పక్కన నిలబడవద్దు.

ఇక వస అరగదీసి నాకించడం, తమలపాకు రసం, వాము కషాయం. గాలి కష్టంగా ఆడుతున్న పిల్లవాడి నోట్లో ఏది పోసినా పొలమారుతుంది. తేనె ఏడాదిలోపు పిల్లలకు ఏ జబ్బుకూ పెట్టకూడదు, దానిలో ఉండగల ఒక రకం సూక్ష్మక్రిముల వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. కర్పూరం వాసన వచ్చే బామ్‌లు రెండేళ్ళలోపు పిల్లలకు ఛాతీకిగాని, ముక్కుకుగాని రాయవద్దు. సాంబ్రాణి పొగ, అగరువత్తులు, దోమల కాయిల్ ఇవన్నీ వాచిన గొంతును ఇంకా రేపుతాయి. పిల్లవాడికి క్రూప్ ఉన్నన్నాళ్ళూ స్నానం తర్వాత ధూపం మానేయండి. ఇంట్లో సిగరెట్ పొగ ఎప్పుడూ పనికిరాదు. అమ్మమ్మగారు దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, దానివల్ల పిల్లవాడికి నష్టం లేదు; ఎండు మిరపకాయల పొగ మాత్రం ఇంట్లో పెట్టవద్దని చెప్పండి.

తర్వాత అలమారాలో ఉన్న సీసాలు. పోయినసారి దగ్గుకు తెచ్చిన సిరప్ ఉంది కదా, ఒక చెంచా వేద్దామనిపిస్తుంది. దగ్గు సిరప్పులు క్రూపును తగ్గించవు, మత్తు కలిగించేవి అయితే పిల్లవాడి అలసటను కనబడనివ్వవు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా ప్రాంతంలో కల్తీ దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు మరణించిన వార్త మనమందరం కన్నీళ్ళతో చదివాం. ఆ సిరప్పులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం ఉన్నట్లు తేలింది. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్యశాఖ రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, ఐదేళ్ళలోపు పిల్లలకు కూడా సాధారణంగా అవి అక్కరలేదని సూచించింది. ఈ మాట మీ మెడికల్ షాపు కుర్రవాడికంటే మీకే బాగా గుర్తుండాలి.

యాంటీబయాటిక్ కూడా అంతే. అది బాక్టీరియా మీద పనిచేసే మందు, క్రూప్ వైరస్ జబ్బు. ఈ మధ్య చాలా ఇళ్ళల్లో నెబ్యులైజర్ మిషను ఉంటోంది. దానిలో ఆస్త్మాకు వాడే మందు వేసి పెడితే క్రూప్ తగ్గదు, ఆ మందు పనిచేసే చోటు వేరు. మాస్కు మొహానికి అదిమేసరికి పిల్లవాడు ఏడ్చి ఇంకా అలసిపోతాడు. జ్వరం ఉంటే పారాసెటమాల్ ఇవ్వవచ్చు. అది పిల్లవాడి బరువునుబట్టి డాక్టరు చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి. ఆ సిరప్ వేరు వేరు బలాల్లో దొరుకుతుంది కాబట్టి సీసా మీద ఐదు మిల్లీలీటర్లకు ఎన్ని మిల్లీగ్రాములో చదివి, కొలత కప్పుతో పోయండి. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు.

అయితే ఆస్పత్రిలో ఏం చేస్తారు? చాలామంది తల్లులు సూదులు, సెలైన్లు ఊహించుకుని భయపడతారు. మంచి డాక్టరు మొదట పిల్లవాడిని తల్లి ఒళ్ళోంచి దించడు. దూరంనుంచే చూసి, విని జబ్బు పోల్చుకుంటాడు. ఎక్కువసార్లు ఎక్స్‌రే గాని, రక్తపరీక్ష గాని అక్కర్లేదు. డెక్సామెథాసోన్ అనే మందు, బరువునుబట్టి, సాధారణంగా ఒకే ఒక మోతాదు నోటిద్వారా ఇస్తారు. అది వాపు తగ్గిస్తుంది. చాలా చవక మందు. 2020లో కోవిడ్‌తో ఆక్సిజన్ పెట్టిన రోగుల ప్రాణాలు కాపాడుతుందని తేలినదీ ఈ మందే.

స్టెరాయిడ్ అనగానే “వద్దు డాక్టరుగారూ, పిల్లవాడి ఎదుగుదల పాడవుతుంది” అనే తల్లులున్నారు. నెలల తరబడి వాడితే వచ్చే ఇబ్బందులు వేరు, ఒక్క మోతాదు వేరు. 2004లో కెనడాలో తేలికపాటి క్రూప్ ఉన్న 720 మంది పిల్లల్లో సగం మందికి ఈ మందు, సగం మందికి ఉత్త ద్రవం ఇచ్చి చూశారు. మందు తీసుకోనివారిలో నూటికి పదిహేనుమంది మళ్ళీ వైద్యానికి పరుగెత్తవలసి వచ్చింది, తీసుకున్నవారిలో ఏడుగురు. అంచేత తేలికగా ఉన్నా డాక్టరు ఈ మందు ఇస్తే కాదనకండి. కాని దాన్ని మీ అంతట మీరు కొని ఇంట్లో దాచుకుని, దగ్గినప్పుడల్లా వేయకూడదు.

ఊపిరి కష్టం ఎక్కువగా ఉంటే అడ్రినలిన్ మందును నెబ్యులైజర్ ద్వారా పీల్పిస్తారు. అది నిమిషాల్లో పనిచేస్తుంది. చూస్తూండగా పిల్లవాడు తేటపడి నవ్వుతాడు. అప్పుడు తండ్రి “ఇక ఇంటికి పోదాం, ఉదయం ఏడింటికి నాకు మీటింగుంది” అంటాడు. ఒప్పుకోకండి. ఆ మందు ప్రభావం రెండు గంటలకు తగ్గిపోతుంది, ఇబ్బంది తిరిగి రావచ్చు. అందుకే కొన్ని గంటలు అక్కడే ఉంచి చూస్తారు. డాక్టరు పంపించేవరకు కదలవద్దు.

క్రూపులాగే కనబడి క్రూప్ కానివి కొన్ని ఉన్నాయి. జలుబు లేదు, జ్వరం లేదు, ఆడుకుంటూ ఉన్నట్టుండి దగ్గు, ఉక్కిరిబిక్కిరి మొదలైతే ఏదో గొంతులోకి జారిందని అనుమానించాలి. పల్లీ గింజ, శనగ గింజ, సీతాఫలం గింజ, బొమ్మలోని చిన్న బ్యాటరీ ఏదైనా కావచ్చు. అది వెంటనే ఆస్పత్రికి పరుగెత్తవలసిన సంగతి. గాలి వదిలేటప్పుడు ఛాతీలోంచి వచ్చే పిల్లికూతలు వేరు, గాలి పీల్చేటప్పుడు గొంతులోంచి వచ్చే కీచు వేరు. తీవ్రమైన జ్వరంతో, దగ్గు లేకుండా, ముందుకు వంగి కూర్చుని చొంగ కారుస్తుంటే అది కొండనాలుక దిగువన, శ్వాసనాళం పైమూతకు వచ్చే వాపు కావచ్చు, చాలా ప్రమాదం.

ఇక కంఠసర్పి. అది పాతకాలపు జబ్బని, ఇప్పుడు లేదని అనుకోకండి. నల్లకుంటలో మనమందరం కోరంటి దవాఖానా అని పిలిచే ఫీవర్ ఆస్పత్రి ఉంది కదా. 2003 నుంచి 2006 వరకు హైదరాబాదులో కంఠసర్పి ఎందుకు పోవడం లేదని పరిశోధన జరిగి, టీకాలు సరిగ్గా వేయించకపోవడం ముఖ్య కారణంగా తేలింది. గొంతులో బూడిదరంగు పొర, మెడ వాపు దాని గుర్తులు. అది రాకుండా కాపాడేది టీకాయే. పుట్టిన ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావలెంట్ టీకా కంఠసర్పినుంచి, కోరింతదగ్గునుంచి, ధనుర్వాతంనుంచి కాపాడుతుంది. ఇందాక చెప్పిన పైమూత వాపు తెచ్చే హిబ్ అనే క్రిమినుంచి కూడా రక్షిస్తుంది. ఆ మూడూ వేయించి ఊరుకోకూడదు. ఏడాదిన్నర వయసులో, మళ్ళీ ఐదారేళ్ళకు వేసే బూస్టర్లు చాలామంది మరచిపోతారు. ఉద్యోగం మారి, ఇల్లు మారి, టీకాల కార్డు అట్టపెట్టెలో ఉండిపోతుంది. ఈవేళే తీసి చూడండి.

ఇప్పుడు మన సైబరాబాదు ఇల్లాలు ముందుగా చేసి ఉంచుకోవలసిన ఏర్పాట్లు చెబుతాను. ఇవి రాత్రి రెండు గంటలకు ఆలోచించుకునేవి కావు.

మీ ఇంటికి దగ్గర్లో రాత్రంతా పిల్లల డాక్టరు ఉండే ఆస్పత్రి ఏదో పగటిపూటే కనుక్కోండి. పెద్ద బోర్డు ఉన్న ప్రతిచోటా అర్ధరాత్రి పిల్లల డాక్టరు ఉండకపోవచ్చు. ఫోను చేసి అడగండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో 1953 నుంచి పిల్లల వైద్యానికి పేరుపొందిన నిలోఫర్ రెడ్ హిల్స్‌లో ఉంది. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ మైండ్‌స్పేస్, గచ్చిబౌలి కూడళ్ళు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కర్లేదు. సాయంత్రానికే గొంతు బొంగురుపోయి, మొరుగుడు దగ్గు మొదలైతే, “రాత్రికి చూద్దాం” అనకుండా ముందే చూపించేయండి. క్రూప్ రాత్రిపూట పెరిగే జబ్బు.

108 అంబులెన్సు మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న హైదరాబాదులోనే మొదలైంది. దానికి ఫోను చేసినప్పుడు టవరు పేరు, బ్లాకు, అంతస్తు, ఏ గేటుగుండా రావాలో చెప్పగలగాలి. ఈ వివరాలు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఇంట్లో పని చేసే ఆమెకు, ఊరినుంచి వచ్చిన అత్తగారికి కూడా ఉపయోగపడతాయి. పిల్లవాడి బరువెంతో ఆ కాగితం మీదే రాయండి, మందుల మోతాదు దానినిబట్టే ఉంటుంది. గేటు దగ్గరి సెక్యూరిటీవారి నంబరు ఉంచుకుంటే అంబులెన్సును ఆపి రిజిస్టరులో రాయించకుండా లోపలికి పంపిస్తారు, లిఫ్టు కింద ఆపి ఉంచుతారు.

సొంత కారులో వెళితే బండి నడిపేవారు ఒకరు, పిల్లవాడి పక్కన కూర్చునేవారు ఒకరు కావాలి. తల్లే నడుపుతూ వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళకూడదు. పిల్లవాడు బాగా అలసిపోయి ఉంటే కారుకంటే అంబులెన్సు మేలు, దానిలో ఆక్సిజన్ ఉంటుంది. ఇంట్లో ఇంకో పిల్ల నిద్రపోతుంటే ఆ పిల్లను ఎవరి దగ్గర వదలాలి? అందుకే ఎదురింటి ఆవిడతో పరిచయం పెట్టుకోండి. ఆవిడ తమిళురాలైనా, ఒరియా ఆవిడైనా, ఆమెకూ ఇదే భయం ఉంటుంది. “రాత్రి అవసరమైతే మీ తలుపు కొడతాను, మీరూ మా తలుపు కొట్టండి” అని పగలే చెప్పుకున్న ఇద్దరు ఆడవాళ్ళుంటే ఆ అంతస్తుకు అంతకంటే ధైర్యం లేదు.

భర్తకు కూడా ముందే చెప్పండి. రాత్రిపూట వరుసగా రెండుసార్లు ఫోను చేస్తే అది పిల్లవాడి సంగతేనని, ఎంత పెద్ద కాల్‌లో ఉన్నా లేచి రావాలని ఒప్పందం చేసుకోండి. తండ్రులు కూడా ఈ ప్రసంగం చదివితే మంచిదే.

మొదటి రాత్రి గడిచింది, పొద్దున పిల్లవాడు హుషారుగా ఆడుకుంటున్నాడు. జబ్బు పోయిందనుకుంటాం. రెండో రాత్రి కూడా అలాగే రావచ్చు. అది సహజం, బెదిరిపోకండి, అదే పద్ధతిలో ఊపిరి చూసుకోండి. ఎక్కువమందికి రెండు రోజుల్లో ఆ మొరుగుడు తగ్గుతుంది, వారంలోపు పూర్తిగా కోలుకుంటారు. ఆ రెండు మూడు రాత్రులు తల్లిగాని తండ్రిగాని అదే గదిలో పడుకోవాలి. తిండి బలవంతం చేయకండి. నీళ్ళు, పాలు, పల్చటి జావ కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు ఇవ్వండి. జ్వరం పోయి, మామూలుగా తిరిగేవరకు క్రెష్‌కు పంపవద్దు. ఇతర పిల్లల తల్లులు కూడా మనలాంటివారే. ఇంట్లో అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కొందరు పిల్లలకు ఇది మళ్ళీ మళ్ళీ వస్తుంది. అలా తరచుగా వచ్చినా, ఆరు నెలలలోపు వచ్చినా, తగ్గకుండా వారం దాటినా పిల్లల డాక్టరుకు ప్రత్యేకంగా చూపించాలి.

అమ్మలారా, ఇంత చెప్పినదాంట్లో మీరు గుర్తుపెట్టుకోవలసినవి మూడే. పిల్లవాడిని ఒళ్ళో నిటారుగా ఉంచి ఏడవకుండా చూడండి. దగ్గు చప్పుడుకు బెదరకుండా ఊపిరి చూడండి. ఊరికే ఉన్నప్పుడు కూడా కీచుమంటూ డొక్కలు ఎగరేస్తే, వేళ ఎంతైనా, ఎవరు ఏమన్నా, బయలుదేరండి. తీరా ఆస్పత్రికి చేరేసరికి దారిలోనే తగ్గిపోయి పిల్లవాడు నవ్వుతూ ఉండవచ్చు. “ఇంతమాత్రానికి అర్ధరాత్రి వచ్చారా?” అని ఎవరైనా అంటే సిగ్గుపడకండి. అనవసరంగా వెళ్ళి తిరిగివచ్చిన రాత్రి ఒక నిద్ర పోతుంది, అంతే. ఆ నష్టం ఏ తల్లయినా భరించగలదు.